చీటీలో ఏమి వ్రాసి పంపుదము?

పోతన భాగవతములోని దశమస్కంధమును బడిలో చదివిన వారందరికిని గోపికలు యశోద ఇంటికి వచ్చి మొరపెట్టుకొను ఘట్టము జ్ఞాపకముండును. ఒకతె పాలు పెరుగు పోయినవనును. ఒకతె కడవ పగిలినదనును. వేరొకతె లేగలను విప్పి ఆవులకడకు విడిచినాడనును. ఆ పద్యములను తరగతిలో చెప్పునపుడు గోపికల మాటలలోని చమత్కారమును మనము మిక్కిలి ఇష్టముతో వివరింతుము. పిల్లలు నవ్వుదురు. అంతలో గంట మ్రోగును. ఆ యశోద సంగతి ఏమి? ఊరివారు ఒకరి వెనుక ఒకరుగా వాకిట నిలిచి నీ కొడుకు ఇట్టివాడు, అట్టివాడు అని చెప్పుచుండగా ఆ తల్లికి ఆ సాయంకాలము ఎట్లు గడచియుండును? నా ముప్పదియారేండ్ల ఉపాధ్యాయ వృత్తిలో ఏ విద్యార్థియు ఈ ప్రశ్న నన్ను అడుగలేదు. నాకును తోచలేదు. ఒక తల్లి నా బల్ల ముందు నిలిచిన దినమున గాని, ఆ కథలో నేను గోపికల పక్షమున చేరియున్నానని నాకు తెలిసిరాలేదు.

1994వ సంవత్సరపు మాట. కృష్ణా డెల్టాలోని ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో నేను తెలుగు పండితుడను. ఏడవ తరగతికి తరగతి ఉపాధ్యాయుడను కూడ. ఆ తరగతిలో ఒక బాలుడుండెడివాడు. పేరు చెప్పను, ఇప్పుడతడు నలుబది దాటిన గృహస్థు. వాడు బెంచీమీద సరిగా కూర్చుండగా నేను చూచిన దినములు తక్కువ. ఒక కాలు మడిచి, ఒక కాలు నేలపై ఊపుచు, సగము కూర్చుండి సగము నిలిచి ఉండెడివాడు. ప్రశ్న పూర్తి కాకముందే జవాబు చెప్పును. ఆ జవాబు ఒక్కొక్కప్పుడు సరియైనదే. కాని నేను అడుగబోయిన ప్రశ్నకు కాదు. వీధిలో లారీ పోయిన చప్పుడైనచో కిటికీ దగ్గర ఉండును. నల్లబల్లపై నున్న మూడు పంక్తులను వ్రాసికొమ్మనగా, మొదటి పంక్తిని ముత్యములవలె వ్రాసి, రెండవదానిని నడుమ విడిచి, మూడవదాని చోట గాలిపటము బొమ్మ వేయును. వారమునకు రెండు కలములు పోగొట్టును. ఒకనాడు ఒక్క కాలికే చెప్పుతో ఇల్లు చేరినాడట.

అట్టివాడు, కాలువగట్టున కూర్చుండి సైకిలు గొలుసును ఊడదీసి, తుడిచి, నూనె వేసి, మరల తగిలించుచు గంటసేపు తల ఎత్తకుండుట నేను కన్నులార చూచినాను. చూచి ఏమనుకొన్నాను? వీనికి చేతగాక కాదు, చేయవలెనని లేక అనుకొన్నాను. ఉపాధ్యాయులలో నూటికి తొంబదిమంది అట్లే అనుకొందురు. ఈ వ్యాసము ఆ తొంబదిమంది కొరకే.

నాకు బెత్తము పట్టు అలవాటు లేదు. ఆ సంగతి చెప్పుకొని కొంత గర్వపడుచుండెడివాడను. బెత్తమునకు బదులు చీట్లు వ్రాసెడివాడను. ఎఱ్ఱసిరాతో, అక్షరదోషము లేకుండ, "మీ కుమారుడు పాఠములు వినుట లేదు. తోటివారిని విననిచ్చుట లేదు. తల్లిదండ్రులు శ్రద్ధ వహింపవలెను" అని వ్రాసి, వానితోనే పంపినచో చింపివేయునని అదే వీధిలో ఉండు వేరొక బాలునిచేతికి ఇచ్చెడివాడను. జూన్ మొదలు సెప్టెంబరు వరకు అట్టివి ముప్పదికి తక్కువ వ్రాసి ఉండను. శ్రద్ధ వహింపవలసినది ఎవరు, ఎట్లు, ఏ పనియందు? ఈ మూడింటిలో ఒక్కటియు ఆ చీట్లలో లేదు. నలుబదియైదు నిమిషములు నా కంటి ఎదుట నున్న బాలునితో నేను చేయలేకపోయిన పనిని, మైలున్నర దూరమున నున్న తల్లి ఏ ఉపాయముతో చేయునని నేననుకొన్నానో నాకే తెలియదు.

ఆమె ఊరి బస్సులు ఆగుచోట ఇడ్లీబండి నడపుకొనెడిది. భర్త లారీమీద క్లీనరు. నెలలో పదిదినములు ఇంట ఉండెడివాడు. దసరాకు ముందు ఒక మధ్యాహ్నము బడికి వచ్చి, పైటచెంగులో మూటగట్టిన నా చీట్లనన్నింటిని బల్లమీద పెట్టినది. ఆమె అన్నమాటలు నాకిప్పటికిని జ్ఞాపకమే.

"మాస్టారూ, నాకు చదువు రాదండి. మీ చీటీ వచ్చినప్పుడల్లా పక్కింటి పిల్ల చేత చదివించుకుంటన్నాను. అది అరుగుమీద కూచుని గట్టిగా చదువుద్ది, వీధంతా ఇంటారు. ఆ రాత్రి వాణ్ణి కొడతన్నాను. చీటీ రాని రోజున చింపి పారేశాడేమోనని కొడతన్నాను. కొట్టి కొట్టి నా చెయ్యి నొప్పెడతంది గాని వాడు మారలేదండి. మీరు ఇంత చదువుకున్నోరు గదా, ఇంటికాడ నేనేం చెయ్యాలో అది రాసి పంపండి, చేస్తాను."

నేను బెత్తము పట్టలేదు, నిజమే. నా ఎఱ్ఱసిరా ఆమె చేతిలో బెత్తమైనది.

ఆ దసరా సెలవులలో మా మేనల్లుడు వచ్చినాడు. విశాఖపట్టణములో మానసిక వైద్యశాస్త్రము చదువుచుండెడివాడు. నేను చెప్పినదంతయు విని, "మామయ్యా, వాణ్ణి చూడకుండా నేను పేరు పెట్టకూడదు. కాని మీరు చెప్పేది పొగరులాగా లేదు" అన్నాడు. తరువాత జిల్లా కేంద్రములోని ఒక వైద్యుని వద్దకు ఆ తల్లి కొడుకును తీసికొనిపోయినది. మూడు మారులు పోవలసి వచ్చినది. మూడు దినముల ఇడ్లీ వ్యాపారము పోయినది. చివరకు ఆయన చెప్పిన పేరు ఈనాడు ఏడీహెచ్‌డీ అని అందరును వినుచున్నదే. తెలుగున అవధాన లోపము, అతిచంచలత్వము అని చెప్పుకొనవచ్చును.

తెలుగు పండితుడను గనుక నాకు అవధానమను మాట వినగానే అష్టావధాన సభ స్ఫురించినది. నవ్వవద్దు, నాకు ఈ వ్యాధి అర్థమైనది ఆ సభవలననే. అవధాని చుట్టును ఎనిమిదిమంది పృచ్ఛకులు కూర్చుందురు. ఒకడు సమస్య ఇచ్చును, ఒకడు నిషిద్ధాక్షరి నడపును, ఒకడు గంట కొట్టుచు లెక్కపెట్టుమనును. వీరి నడుమ అప్రస్తుత ప్రసంగి యొకడు కూర్చుండి, పద్యము కుదురుచున్నదనగా, "అవధానిగారూ, మీ ఇంట ఈ పూట కూర ఏమి?" అని అడుగును. అవధాని వానికి ఒక చమత్కారమును విసరి మరల పద్యములోనికి వచ్చును. చివర ధారణపట్టి అన్నియు వరుసగా అప్పగించును. మనమందరము చిన్నపాటి అవధానులమే. ఫంకా చప్పుడు, ప్రక్కవాని దగ్గు, మధ్యాహ్న భోజనపు వాసన, వీనినన్నింటిని ప్రక్కకు త్రోసి పాఠము వినుచున్నాము. ఆ బాలుని తలలోని సభలో అప్రస్తుత ప్రసంగులే ఎక్కువ. పృచ్ఛకుడడిగిన దానికన్న వారి మాటయే బిగ్గరగా వినబడును. పోయినవాడు తిరిగి పద్యములోనికి వచ్చు దారి మరచును. ధారణ అసలే తక్కువ. "సంచి తీసికొని, చెప్పులు తొడిగికొని, బావి దగ్గరనున్న చెంబు లోపల పెట్టి రా" అన్నచో, సంచి చేతబట్టు సరికి మిగిలిన రెండును ఆవిరియైపోవును.

మరి సైకిలు గొలుసు మాట ఏమి? అక్కడ కుదిరిన మనస్సు ఇక్కడ ఏల కుదురదు? ఇదియే అందరును వేయు ప్రశ్న. ఇందులోనే అందరును పొరపడుదురు. ఈ పిల్లలకు అవధానము లేకపోలేదు. దానిపై అధికారము తక్కువ. తనంత తాను మనస్సును లాగు పనియందు అది అతుక్కొనిపోవును. విసుగు పుట్టించు పనికి దానిని బలవంతముగా త్రిప్పి నిలుపు శక్తియే వారికి చాలదు. కనుక గొలుసు దగ్గర గంటసేపు కూర్చుండుట ఈ లోపము లేదనుటకు సాక్ష్యము కాదు.

ఇది నిన్న మొన్న పుట్టిన వింత అని కొందరందురు. జర్మనీలో హైన్రిక్ హాఫ్‌మన్ అను వైద్యుడు 1840ల నాడు తన బిడ్డకొరకు ఆరంభించిన బొమ్మల పుస్తకమునకు తరువాత చేర్చిన కథలలో ఒకటి, భోజనపుబల్ల దగ్గర కుదురులేక ఊగి ఊగి బల్లగుడ్డతోసహా క్రిందపడు ఫిలిప్ అను బాలునిది. 1902లో జార్జి స్టిల్ అను వైద్యుడు లండనులోని రాయల్ కాలేజి ఆఫ్ ఫిజీషియన్స్‌లో చేసిన ఉపన్యాసములలో ఇట్టి పిల్లలను వర్ణించి, దానిని నైతిక నిగ్రహ లోపమన్నాడు. ఆ "నైతిక" అను విశేషణము మనలను ఇంకను వదలలేదు. పుస్తకములలో పేరు మారినది. 1980లో అవధాన లోపమైనది, 1987లో నేటి పేరు వచ్చినది. బడులలో మాత్రము "పొగరు" అను పాత పేరే చెల్లుచున్నది.

2007లో అమెరికాలోని జాతీయ మానసికారోగ్య సంస్థకు చెందిన ఫిలిప్ షా, ఆయన సహచరులు ఈ లోపముగల 223 మంది పిల్లల మెదళ్ళను, లేని 223 మంది మెదళ్ళతో పోల్చి చూచినారు. మెదడు పైపొర దళసరితనము సగము భాగములలో గరిష్ఠస్థాయిని చేరు వయస్సు లేనివారిలో ఏడున్నర, ఉన్నవారిలో పదిన్నర. వరుస ఒక్కటే, రాక ఆలస్యము. ఈ అంకె నాకు మిక్కిలి ఉపకరించినది. ఏడవ తరగతి బాలునినుండి మనము నాల్గవ తరగతి నిగ్రహమును ఆశించినచో వాడు ఎన్నోమారులు మనలను సంతోషపెట్టగలడు. కొన్ని విషయములలో వాడు ఏడవ తరగతివాడే. తెలివియందు తక్కువవాడు కాడు. చిక్కంతయు అక్కడనే ఉన్నది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇంత చదివి రేపటినుండి తరగతిలో కదలిన ప్రతి బాలునికి ఈ పేరు పెట్టువారు బయలుదేరుదురని నాకు భయము. ఉపాధ్యాయుడు వైద్యుడు కాడు. చూపు ఆననివాడు, చెవి వినబడనివాడు, ప్రొద్దున ఏమియు తినక వచ్చినవాడు, ఇంట తండ్రి త్రాగి కొట్టగా రాత్రి నిదురలేనివాడు, వీరందరును పాఠమున కుదురుగా ఉండరు. వైద్యులు ఈ మాట చెప్పుటకు, లక్షణములు ఆరు నెలలకు తక్కువ గాకుండ, ఇంటను బడిలోను రెండుచోట్లను కనబడవలెను. పన్నెండేండ్లలోపు మొదలై ఉండవలెను. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో తొమ్మిది లక్షలకు పైగా పిల్లల వివరములను పరిశీలించి 2012లో ప్రకటించినదాని ప్రకారము, తరగతిలో అందరికన్న చిన్నవారైన డిసెంబరు మగపిల్లలకు, పెద్దవారైన జనవరి పిల్లలకన్న ఈ పేరు పడుట నూటికి ముప్పదివంతులు ఎక్కువ. అనగా కొందరి విషయమున మనము వయస్సునే వ్యాధి అనుకొనుచున్నాము. బడిలో చేర్చుటకు పుట్టినతేదీని జరిపి వ్రాయించు ఆచారముగల మన దేశమున ఈ సంగతి మరింత జ్ఞాపకముంచుకొనదగినది. మరియొక మాట: కిటికీ దగ్గర మౌనముగా కూర్చుండి మేఘములను చూచు బాలికను మనము బుద్ధిమంతురాలని వదలివేయుచున్నాము. అల్లరి లేకుండ అవధానము మాత్రమే లోపించిన వారిలో అట్టి బాలికలు అనేకులు.

లోకమున బాలబాలికలలో నూటికి అయిదుగురికి ఈ లోపమున్నదని వైద్యుల అంచనా. నలుబదిమంది తరగతిలో ఇద్దరు. ఇద్దరు పిల్లలనగా ఇద్దరు తల్లులు, ఇద్దరు తండ్రులు. వీరికి మనము ఏమి పంపుచున్నామన్నదే ప్రశ్న.

ఆ సెలవులు ముగియగానే, మేనల్లుని సలహాపైన, నేను ఎఱ్ఱసిరా సీసాకు మూత పెట్టినాను. చదువురాని తల్లికి పనికివచ్చు చీటీ కావలెను. చిన్న కాగితముపై రెండు సున్నలు గీచెడివాడను. మొదటి సున్న, ప్రార్థన గంటలోపల బడికి వచ్చుటకు. రెండవది, తెలుగు గంటలో పుస్తకము బల్లమీద తెరచి ఉంచుటకు. చేసినచో సున్నను నల్లగా నింపుదును. చేయనిచో ఖాళీగా విడుతును. అంతకుమించి ఒక్క అక్షరము లేదు. పాఠమంతయు వినవలెను, తగవులాడరాదు, చేతివ్రాత బాగుండవలెను అని పది కోరికలు కోరలేదు. రెండే. కలములు పోగొట్టువాడు చీటీ పోగొట్టడా? పోగొట్టినాడు. అప్పుడు చొక్కాజేబుకు పిన్నీసుతో గ్రుచ్చి పంపినాను. నిండిన సున్నను చూచినవెంటనే ఆమె వానికి ఏదియో ఒకటి ఈయవలెనని ఏర్పాటు. డబ్బు కాదు. తండ్రి సైకిలు పావుగంటసేపు.

ఆ వెంటనే అన్నమాట ముఖ్యము. "పరీక్షలో ప్యాసైతే వేసవిలో గడియారము కొందును" అను వాగ్దానము ఈ పిల్లలకు చంద్రమండలములో స్థలమిచ్చినట్లు. వారి కాలగణనలో రెండే కాలములున్నవి. ఇప్పుడు, ఇప్పుడు కానిది. దండన సంగతియు అంతే. ఉదయపు తప్పునకు రాత్రి దెబ్బ తగిలినచో, ఆ దెబ్బ దేనికో వానికి తెలియదు. తల్లి కోపిష్ఠి అని మాత్రము తెలియును.

మూడువారములు బండి నడచినది. నాల్గవ వారమున సున్నలు మరల ఖాళీ అయినవి. నేను నిరుత్సాహపడినాను. ఇట్టి పిల్లల విషయమున ఏ బహుమతియైనను కొన్నాళ్ళకు పాతబడునని, అప్పుడు మార్చవలెనని నాకప్పుడు తెలియదు. ఆ తల్లికి మాత్రము తోచినది. నిండుసున్న తెచ్చిననాడు, మరునాడు బండి దగ్గర ఏ పచ్చడి చేయవలెనో నిర్ణయించు అధికారము వానిదన్నది. పదిదినములు ఊరంతయు అల్లపు పచ్చడితోనే ఇడ్లీ తిన్నది. నేనును తిన్నాను.

ఇక ఇంటిలో ఆమె చేసిన మార్పులను చూచి నేనే కొన్ని నేర్చుకొన్నాను. తెల్లవారుజామున నాలుగింటికి లేచి పిండి వద్ద నున్న ఆమె, వానిని లేపి, అక్కడినుండియే "లే, మొగం కడుక్కో, తల దువ్వుకో, సంచి సర్దుకో, చెంబు లోపల పెట్టు" అని ఒక్క ఊపిరిలో కేక వేసెడిది. వాడు చెంబు దగ్గర ఆగి చీమలబారును చూచుచు నిలిచెడివాడు. తరువాత ఆమె ఒక్కొక్క పనిని, దగ్గరకు వచ్చి, భుజముమీద చేయి వేసి, ఒక్కటిగా చెప్పుట నేర్చినది. అది అయినదాక రెండవది చెప్పదు. రాత్రియే సంచి, చెప్పులు, ఉతికిన చొక్కా తలుపు ప్రక్కన ఒక పీటమీద పెట్టించినది. మరచు తలను నమ్ముకొనుటకంటె తలుపును నమ్ముకొనుట మేలుగదా. గడియారపు అద్దముమీద, ఇల్లు వదలవలసిన వేళకు పెద్దముల్లు చేరుచోట, తన స్టిక్కరు బొట్టొకటి అతికించినది. "ఎనిమిదిన్నరకు" అన్నమాట వానికి పట్టదు. ముల్లు బొట్టును తాకుట కనబడును. ఇంటిపాఠము పదినిమిషములు, ఒక బిందె నీళ్ళు తెచ్చుట, మరల పదినిమిషములు. ఆ పదినిమిషములును ఆమె ప్రక్కన కూర్చుండి పప్పు ఏరుకొనుచుండును. చదువు చెప్పలేదు. ప్రక్కన మనిషి ఉండుటయే చాలినది.

పొగడ్తయందు కూడ ఒక మెలకువ ఉన్నది. "మంచివాడవు" అన్నచో వానికేమియు తెలియదు; అది రేపు తలక్రిందులు కాగలదు. "చెంబు లోపల పెట్టావు" అన్నచో తెలియును. చేసిన పనిని చేసినట్లు చెప్పుటయే ఈ పిల్లలకు పెద్ద కానుక. రోజంతయు చేయనివే వినువారికి చేసినది వినుట క్రొత్త.

ఇవన్నియు వినుటకు సులభము. ఆ తల్లి రోజును తలచుకొన్నచో సులభము కాదు. నాకు తరువాత తెలిసిన ఒక సంగతిని ఇక్కడ చెప్పక తప్పదు. ఈ లోపమునకు వంశపారంపర్యము మిక్కిలి బలమైన కారణము. కవలలపై జరిగిన పరిశోధనలను బట్టి పిల్లలలో కనబడు తేడాలో నూటికి డెబ్బదికి పైబడిన భాగమును వారసత్వమునకు లెక్క కట్టుచున్నారు. అనగా మనము "ఇంట క్రమశిక్షణ లేదు" అని ఏ తల్లిదండ్రులను గూర్చి ముఖము చిట్లించుచున్నామో, వారిలో ఒకరికి అదే లోపము చిన్ననాటినుండి ఉండవచ్చును. ఫీజు తేదీ మరచిన తండ్రి, సంతకము పెట్టిన కాగితమును బస్సులో వదలిన తల్లి, నిర్లక్ష్యముచేతనే అట్లు చేసినారని ఎట్లు చెప్పగలము? అట్టివారికి పది సూచనల పట్టికను పంపుట, ఈత రానివానికి ఈతపై గ్రంథమును విసరుట. ఒక్కటి పంపవలెను. అది కుదిరిన పిమ్మట రెండవది.

మందుల మాటయు అడుగుదురు. 1937లోనే అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ అను వైద్యుడు ముప్పదిమంది పిల్లలకు ఉత్తేజకమైన మందొకటి ఇచ్చి చూడగా, సగమునకు కొంచెము తక్కువమంది చదువులో ఆశ్చర్యకరముగా కుదుటపడినారు. 1999లో అక్కడనే 579 మంది పిల్లలపై జరిగిన పెద్ద పరిశోధనలో, జాగ్రత్తగా సరిచూచుచు ఇచ్చిన మందు చంచలత్వమును బాగుగ తగ్గించినదని తేలినది. దానితోపాటు తల్లిదండ్రులకును బడికిని శిక్షణ నిచ్చినవారికి తక్కువ మోతాదే సరిపోయినది. నాలుగైదేండ్ల పసివారికి మందుకన్న ముందు తల్లిదండ్రుల శిక్షణయే మేలని అమెరికా శిశువైద్యుల సంఘము 2019లో చెప్పినది. మందు ఈయవలెనా అన్నది వైద్యుడు నిర్ణయించును. మందులపేరు వినగానే "పిల్లవానికి మత్తు పెట్టుదురా?" అని తల్లిని భయపెట్టుటయు, "మాత్ర మ్రింగించి పంపుడు, లేనిచో బడికి వద్దు" అని శాసించుటయు, రెండును మన పని కాదు. చక్కెర మాన్పించినచో తగ్గునను వాదమునకును పరీక్షలలో బలము దొరకలేదు. పాపము, ఆ పిల్లవాని బెల్లపుముక్కను లాగికొనకుడు.

ఆ తల్లికి 1994లో జిల్లా కేంద్రమునకు మూడు మారులు తిరుగుట తప్పలేదు. ఇప్పుడు కొంత నయము. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమములో బడి పిల్లలను పరీక్షించి చూడవలసిన వానిలో ఈ లోపము కూడ చేరియున్నది. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన టెలీ మానస్‌కు 14416 అను సంఖ్యపై ఎవరైనను మాటలాడవచ్చును. చీటీలో వ్రాయదగిన అంకె ఇది.

నా మిత్రులొకరు ఈ మాటలన్నియు విని, "మన కాలములో ఇట్టి పిల్లలు లేరయ్యా" అన్నారు. లేకపోవుట ఏమి? ఉన్నారు. మన హాజరుపట్టీలలో వారి పేర్లకు ఎదురుగా "బడి మానినాడు" అని వ్రాసి, పై తరగతి పట్టీలో వారిని ఎక్కించలేదు. అందుచేత మనకు జ్ఞాపకము లేరు. బెత్తము బాగుచేసిన వారిని గూర్చి చెప్పువారు, బెత్తమునకు జడిసి పత్తిచేలకు, లారీలకు పోయినవారిని లెక్కపెట్టినట్లు నేను వినలేదు. 2009 విద్యాహక్కు చట్టము బడిలో దేహదండనను, మానసిక వేధింపును నిషేధించినది. అయితే ఇంటికి చీటీ పంపి, అక్కడ దెబ్బలు తినిపించుటను ఏ సెక్షను పట్టుకొనగలదు?

యాభైమందిలో ఒక్కనికొరకు ఇంత చేయుట న్యాయమా అని యువ ఉపాధ్యాయులడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. తరగతులు నిండియున్నవి, పైనుండి దిగు లెక్కల కాగితములకు అంతులేదు. నేను చెప్పగలిగినది ఇంతే: రెండు సున్నలు నింపుటకు అరనిమిషము పట్టును. నా ఎఱ్ఱసిరా వాక్యములకు మూడు నిమిషములు పట్టెడిది.

జపానులో టెట్సుకో కురొయనాగి 1981లో వెలువరించిన తన బాల్యకథ "రైలుబడి" అను పేరున తెలుగులో వచ్చినది. ఉపాధ్యాయులలో అనేకులు చదివియుందురు. మొదటి తరగతిలోనే ఆ బాలికను బడినుండి పంపివేసినారు. బల్లమూతను తెరచుచు మూయుచు ఉండుట, కిటికీ దగ్గర నిలిచి వీధి వాద్యగాండ్రను పిలుచుట ఆమె నేరములు. ఆమెకు ఈ లోపమున్నదని చెప్పుట నా ఉద్దేశము కాదు. ఉపాధ్యాయురాలి ఫిర్యాదంతయు విన్న ఆ తల్లి ఏమి చేసినదన్నదే నాకు ముఖ్యము. వేరొక బడికి పోదమని మాత్రము చెప్పి, పంపివేసిన సంగతిని ఆ బిడ్డకు ఇరువదేండ్లు దాటువరకు చెప్పలేదు. క్రొత్తబడి ప్రధానోపాధ్యాయుడు కొబయాషి మొదటిదినమున ఆ పిల్ల చెప్పిన కబుర్లను దాదాపు నాలుగు గంటలసేపు విన్నాడు. అందరును కొబయాషిని పొగడుదురు, పొగడవలసినదే. నాకు మాత్రము, ఆ ఫిర్యాదును కడుపులో దాచుకొని బిడ్డ చేయి పట్టుకొని నడచిన తల్లి కనబడుచుండును. దాచుకొనుటకు ఆమెకు శక్తి ఉన్నది. ఇడ్లీబండి తల్లికి దాచుకొను అవకాశమే నేనీయలేదు, అరుగుమీద చదివించినాను.

అరుగు నేడు పెద్దదైనది. తరగతికొక వాట్సాప్ బృందము. ఫలానా పిల్లవాడు మరల పుస్తకము తేలేదని అందరికిని కనబడునట్లు ఉపాధ్యాయులు వ్రాయుదురు. క్షణములో అరువదిమంది తల్లిదండ్రులు చదువుదురు. వారి పిల్లలు చదువుదురు. పక్కింటి పిల్ల గొంతు ఒక్క వీధికే వినబడెడిది.

ఆ బాలుని కథ విజయగాథ కాదు. సున్నలతో వాడు ఎనిమిది, తొమ్మిది గడచినాడు. పదవ తరగతిలో లెక్కలు తప్పి, రెండవమారు గట్టెక్కినాడు. ఐ.టి.ఐ.లో చేరి, ఒకమారు మాని, మరల చేరినాడు. ఇప్పుడు మోటారు సైకిళ్ళ మరమ్మతు దుకాణము ఉన్నది. చెప్పినవేళకు బండి ఇచ్చిన దినము లేదని ఊరివారందురు; ఇచ్చిన బండి ఆగిన దినము లేదని కూడ అందురు. తల్లి బండి మానివేసినది.

మొన్న సంక్రాంతికి నా ఇంటికి వచ్చినాడు. కుశలప్రశ్నలైన తరువాత చరవాణి తీసి చూపినాడు. నాల్గవ తరగతి చదువుచున్న కూతురి బడినుండి వచ్చిన వార్త. "మీ అమ్మాయి పాఠము వినుట లేదు. పరధ్యానముగా ఉన్నది. తల్లిదండ్రులు శ్రద్ధ వహించగలరు." ముప్పది సంవత్సరముల క్రిందటి నా వాక్యమునకు ఒక్క మాటయే తేడా.

"మాస్టారూ, దీనికి ఏం జవాబు రాయమంటారు?" అన్నాడు.

ఇద్దరము కూర్చుండి వ్రాసినాము. కోపముతో అతడు మొదట వ్రాసినదానిని తుడిపించినాను. చివరకు మిగిలినది ఇంత: అమ్మగారికి నమస్కారము, మా పాపను వైద్యునికి చూపుటకు వచ్చే వారము తీసికొని పోవుచున్నాము, వారు అడుగుదురు గనుక తరగతిలో మీరు చూచినది రెండు మాటలలో వ్రాసి ఈయవలెను, అంతవరకు పాప రోజును చేయవలసిన పని ఒక్కటి మీరు చెప్పినచో, చేసినదో లేదో మాకు ఒక గుర్తుతో తెలుపగలరా? పంపు మీట నొక్కి, అరిసెలు తిని, పనివాడు ఎదురుచూచుచుండునని లేచి వెళ్ళినాడు. హెల్మెట్ అరుగుమీదనే ఉన్నది.